స్పానింగ్ ట్రీ ప్రోటోకాలు

స్పానింగ్ ట్రీ ప్రోటోకాలు అనగా ఒక ఈథర్నెట్ నెట్‌వర్కులోని స్విచ్చులు తమలో తాము చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకొని, ఏ పోర్టు గుండా సమాచారాన్ని పోనివ్వాలో, ఏ పోర్టును మూసి ఉంచాలో నిర్ణయించుకొనే పద్ధతి. పొడి అక్షరాలలో దీనిని ఎస్‌టీపీ అంటారు. అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త రాడియా పెర్ల్‌మన్ 1980వ దశకం మధ్యలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థలో పనిచేస్తున్న రోజులలో దీనిని రూపొందించారు. 1990లో ఇది ఐఈఈఈ 802.1డి అనే ప్రమాణంగా వెలువడింది.

ఈ పద్ధతి వలన మూతపడిన పోర్టును నిరోధిత పోర్టు అనవచ్చు. నిరోధిత పోర్టు చెడిపోయిన పోర్టు కాదు. దానికి తగిలించిన తీగ బాగానే ఉంటుంది, అవతలి స్విచ్చి పంపే నియంత్రణ సందేశాలు దానికి అందుతూనే ఉంటాయి. మామూలు సమాచారాన్ని మాత్రం అది స్వీకరించదు, పంపదు. మరొక దారి తెగిపోయినప్పుడు తెరుచుకోవడానికి అది సిద్ధంగా ఉంటుంది. ఏ పోర్టు మూతపడాలన్నది స్విచ్చులు తమంతట తామే లెక్కగట్టుకుంటాయి గాని, నెట్‌వర్కు నిర్వాహకుడు ముందుగా ఏమీ చెప్పకపోతే ఆ లెక్క ఫలితం అతనికి అనుకూలంగా ఉంటుందన్న హామీ లేదు. ఈ సంగతి కింద ఉదాహరణలో తెలుస్తుంది.

పేరు, గణిత నేపథ్యం

గణితంలో గ్రాఫ్ సిద్ధాంతం అనే శాఖలో కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు ఉంటాయి. ఏ బిందువు నుంచి ఏ బిందువుకైనా దారి ఉండి, ఎక్కడా వలయం ఏర్పడకుండా ఉంటే ఆ అమరికను వృక్షం అంటారు. పెద్ద గ్రాఫులోని బిందువులన్నిటినీ కలుపుకొని, గీతలలో కొన్నిటిని మాత్రమే వాడుకొనే వృక్షం స్పానింగ్ ట్రీ. తెలుగులో దీనికి స్థిరపడిన పదం లేదు. "సర్వవ్యాప్త వృక్షం" అంటే అర్థం కొంతవరకు వస్తుంది. వృక్షమనగానే ఊడలు దిగి మళ్ళీ నేలను పట్టుకొనే మర్రిని తలచుకోరాదు, మర్రిలో వలయాలు ఉంటాయి. వేపచెట్టును తలచుకుంటే సరిపోతుంది. అందులో ఒక కొమ్మ నుంచి మరొక కొమ్మకు పాకే చీమకు, వెనక్కు తిరగకుండా వెళితే, ఒకటే దారి.

బిందువుల సంఖ్య ఎంతైనా, వృక్షంలోని గీతల సంఖ్య అంతకంటే ఒకటి తక్కువ. నాలుగు స్విచ్చులుంటే మూడు తీగలు చాలు. అయితే ఏ మూడు? నాలుగు స్విచ్చులలో ప్రతి రెంటి నడుమ ఒక తీగ ఉన్నట్లయితే 16 వేర్వేరు వృక్షాలను ఎంచుకోవచ్చు. అయిదు స్విచ్చులైతే 125. (బిందువుల సంఖ్యను దానికంటే రెండు తక్కువైన ఘాతానికి హెచ్చిస్తే ఈ సంఖ్య వస్తుంది. దీనిని కేలీ సూత్రం అంటారు.) ఇన్నిటిలో స్విచ్చులన్నీ ఒకే వృక్షాన్ని ఎంచుకోవాలి. అదీ ఒక పెద్ద కంప్యూటరు కూర్చొని అందరికీ ఆజ్ఞలు ఇవ్వకుండా. ఒక స్విచ్చి ఒక వృక్షాన్ని, మరొకటి మరో వృక్షాన్ని ఎంచుకుంటే కొన్ని చోట్ల దారి తెగిపోతుంది, కొన్ని చోట్ల వలయం మిగిలిపోతుంది.

వలయం వలన నష్టం

స్విచ్చి పనిచేసే తీరు తెలిస్తే నష్టం సులభంగా అర్థమవుతుంది. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకు 48 బిట్ల మాక్ చిరునామా ఉంటుంది. ఒక పోర్టులోకి వచ్చిన ఫ్రేము (సమాచారపు మూట) మీద పంపినవారి చిరునామా చూసి, "ఈ కంప్యూటరు ఈ పోర్టు వైపు ఉన్నది" అని స్విచ్చి పట్టికలో రాసుకుంటుంది. ఫ్రేము చేరవలసిన చిరునామా ఆ పట్టికలో ఉంటే ఆ ఒక్క పోర్టు గుండా పంపుతుంది. లేకపోతే, లేదా అది అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము అయితే, వచ్చిన పోర్టు తప్ప మిగిలిన అన్ని పోర్టుల గుండా నకళ్ళు పంపుతుంది.

మూడు స్విచ్చులను త్రిభుజంలాగా కలిపామనుకోండి. ఒక బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము మొదటి స్విచ్చి నుంచి రెండు నకళ్ళుగా బయలుదేరి, ఒకటి సవ్యంగా, ఒకటి అపసవ్యంగా తిరుగుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ ప్రోటోకాలు ప్యాకెట్టులో ఇన్ని రౌటర్లు దాటిన తరువాత పారవేయవలెనని చెప్పే ఒక అంకె ఉంటుంది. ప్రతి రౌటరు వద్ద అది ఒకటి తగ్గి, సున్నా కాగానే ప్యాకెట్టు అంతరిస్తుంది. ఈథర్నెట్ ఫ్రేములో అటువంటి అంకె లేదు. అందుచేత వలయంలో పడిన ఫ్రేముకు చావు లేదు. వలయాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే ప్రతి చుట్టులోనూ నకళ్ళ సంఖ్య పెరుగుతుంది. కొద్ది సెకన్లలో తీగలన్నీ ఈ నకళ్ళతో నిండిపోతాయి. దీనిని బ్రాడ్‌కాస్ట్ తుఫాను అంటారు. పైగా ఒకే కంప్యూటరు పంపిన ఫ్రేము ఒకసారి ఒక పోర్టు నుంచి, మరొకసారి ఇంకో పోర్టు నుంచి రావడంతో స్విచ్చి తన పట్టికను క్షణక్షణం మార్చుకుంటూ, దేనిని ఎటు పంపాలో తెలియని స్థితికి చేరుతుంది.

ఇది పెద్ద నెట్‌వర్కులకే పరిమితమైన ప్రమాదం కాదు. పాఠశాల కంప్యూటరు గదిలో నేలమీద పడి ఉన్న తీగ కొనను చూసి, ఊడిపోయిందేమోనని ఎవరో ఒకరు సదుద్దేశంతో దానిని దగ్గరలోని రంధ్రంలో పెడతారు. రెండో కొన అదే స్విచ్చిలో ఉండి ఉంటుంది. గది మొత్తం స్తంభించిపోతుంది. తక్కువ ధరకు దొరికే చిన్న స్విచ్చులలో చాలావాటికి స్పానింగ్ ట్రీ సౌకర్యం ఉండదు.

మరి తీగలను మొదటే వృక్షంలాగా వేసుకుంటే సరిపోదా అన్న ప్రశ్న విద్యార్థులు అడుగుతారు. సరిపోతుంది, ఒక్క తీగ కూడా ఎన్నడూ తెగకపోతే. వృక్షంలో ఏ తీగ తెగినా అవతలి భాగమంతా వేరుపడిపోతుంది. అందుకే అదనపు తీగలు వేసి, వాటిని అవసరం వచ్చేవరకు మూసి ఉంచడం ఈ ప్రోటోకాలు చేసే పని.

చరిత్ర

వేర్వేరు ఈథర్నెట్‌లను కలిపే పెట్టెలను అప్పట్లో బ్రిడ్జిలు అనేవారు. ఎక్కువ పోర్టులున్న బ్రిడ్జియే నేటి స్విచ్చి. ప్రమాణ గ్రంథాలలో పాత పేరే నిలిచిపోయినందున "రూట్ బ్రిడ్జి" వంటి పదాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. పెర్ల్‌మన్ తన పద్ధతిని 1985లో ఒక పరిశోధనా పత్రంగా ప్రచురించారు. జాయిస్ కిల్మర్ రాసిన చెట్ల కవితను అనుకరిస్తూ, అల్గోరైమ్ అనే పేరుతో ఆమె ఈ పద్ధతినంతా ఒక చిన్న పద్యంగా కూడా చెప్పారు. ఒక ఇంజనీరింగు పత్రం పద్యంతో మొదలు కావడం అరుదైన విషయమే. పత్రికలు ఆమెను "ఇంటర్నెట్ మాత" అని రాస్తుంటాయి గాని ఆ బిరుదు ఆమెకు నచ్చదు. 2014లో ఆమెను ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

ఈ పద్ధతిలోని గొప్పతనం దాని పొదుపులో ఉన్నది. నెట్‌వర్కులో పది స్విచ్చులున్నా వంద ఉన్నా, ఏ స్విచ్చికీ నెట్‌వర్కు మొత్తం పటం అవసరం లేదు. తన ఒక్కొక్క పోర్టులో ఇంతవరకు విన్న అత్యుత్తమ సందేశం ఏదో గుర్తుంచుకుంటే చాలు.

స్విచ్చులు మార్చుకొనే సందేశం

ఈ సందేశాన్ని బీపీడీయూ అంటారు. 01-80-సి2-00-00-00 అనే ప్రత్యేక చిరునామాకు దీనిని పంపుతారు. మామూలుగా రెండు సెకన్లకొకసారి వెలువడుతుంది. ఇందులో నిర్ణయానికి పనికివచ్చే అంశాలు నాలుగు. తాను రూట్ అని నమ్ముతున్న స్విచ్చి గుర్తింపు సంఖ్య మొదటిది. ఆ రూట్‌ను చేరడానికి తనకయ్యే మొత్తం ఖర్చు రెండవది. పంపుతున్న స్విచ్చి సొంత గుర్తింపు సంఖ్య మూడవది, ఏ పోర్టు నుంచి పంపుతున్నదో ఆ పోర్టు సంఖ్య నాలుగవది.

స్విచ్చి గుర్తింపు సంఖ్యలో ముందు ప్రాధాన్య సంఖ్య, దాని వెనుక ఆ స్విచ్చి మాక్ చిరునామా ఉంటాయి. ప్రాధాన్య సంఖ్య తయారీలో 32768గా ఉంటుంది. నిర్వాహకుడు దీనిని 0 నుంచి 61440 వరకు, 4096 గుణిజాలలో మార్చవచ్చు. కొన్ని స్విచ్చుల తెరమీద 32769 అని కనబడితే తికమక పడనక్కరలేదు, అది 32768కి ఒకటవ వీల్యాన్ సంఖ్యను కలిపినది. ఇక్కడ "ప్రాధాన్యం" అన్న మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. సంఖ్య ఎంత తక్కువైతే ప్రాధాన్యం అంత ఎక్కువ.

ఖర్చు అన్నది తీగ వేగాన్ని బట్టి ఉంటుంది. 1998 నాటి ప్రమాణం ప్రకారం సెకనుకు 10 మెగాబిట్ల తీగకు 100, 100 మెగాబిట్లకు 19, ఒక గిగాబిట్‌కు 4, 10 గిగాబిట్లకు 2. తరువాత వేగాలు బాగా పెరగడంతో ఈ చిన్న అంకెలు చాలక, 100 మెగాబిట్లకు 2,00,000, గిగాబిట్‌కు 20,000 వంటి పెద్ద అంకెలను ప్రవేశపెట్టారు. ఈ వ్యాసంలో పాత అంకెలనే వాడుతున్నాము.

నిర్ణయ క్రమం

రెండు సందేశాలలో ఏది మేలైనదో తేల్చడానికి పైన చెప్పిన నాలుగు అంశాలను వరుసగా పోల్చాలి. నిఘంటువులో పదాలను అకారాది క్రమంలో అమర్చే తీరు ఇదే. మొదటి అక్షరం వేరైతే అక్కడే తేలిపోతుంది, ఒకటే అయితే రెండవ అక్షరం చూస్తాము. ఇక్కడ కూడా తక్కువ రూట్ గుర్తింపు సంఖ్య ఉన్నది గెలుస్తుంది. అది సమానమైతే తక్కువ ఖర్చు, అదీ సమానమైతే పంపిన స్విచ్చి తక్కువ గుర్తింపు సంఖ్య, చివరకు పంపిన పోర్టు తక్కువ సంఖ్య. రెండు వేర్వేరు స్విచ్చుల మాక్ చిరునామా ఒకటిగా ఉండదు, ఒకే స్విచ్చిలో రెండు పోర్టులకు ఒకే సంఖ్య ఉండదు. కనుక ఎక్కడో ఒకచోట తేడా తేలక తప్పదు.

విద్యుత్తు వచ్చి స్విచ్చి లేవగానే, "నేనే రూట్‌ను" అని ప్రకటించుకుంటుంది. ఇరుగు పొరుగు నుంచి తనకంటే తక్కువ సంఖ్యగల రూట్ పేరు వినగానే ఆ వాదన మానుకొని, ఆ పేరునే ముందుకు పంపుతుంది. ఈ విధంగా కొద్దిసేపటిలో అతి తక్కువ గుర్తింపు సంఖ్య గల స్విచ్చిని అందరూ రూట్ బ్రిడ్జిగా ఒప్పుకుంటారు.

తరువాత రూట్ కాని ప్రతి స్విచ్చి, రూట్‌ను అతి తక్కువ ఖర్చుతో చేర్చే తన పోర్టు ఏదో చూసుకుంటుంది. అది రూట్ పోర్టు. ప్రతి స్విచ్చికి ఇటువంటిది ఒకటే ఉంటుంది. రూట్ బ్రిడ్జికి మాత్రం ఉండదు. ఖర్చును సందేశం అందుకున్న పోర్టు వద్ద కలపాలి. అంటే అవతలివారు చెప్పిన ఖర్చుకు, ఆ సందేశం వచ్చిన తీగ ఖర్చును కూడాలి.

ఆ పిదప తీగల వంతు. ప్రతి తీగకూ రెండు కొనలున్నాయి. వాటిలో మేలైన సందేశాన్ని పంపగలిగిన కొన ఆ తీగకు డిజిగ్నేటెడ్ పోర్టు అవుతుంది, దీనిని నియుక్త పోర్టు అందాము. రూట్ బ్రిడ్జి పోర్టులన్నీ నియుక్త పోర్టులే. రూట్ పోర్టు గాని, నియుక్త పోర్టు గాని కానిది ఏది మిగిలితే అది నిరోధిత పోర్టు. కావున ఏ స్విచ్చీ ఒక పోర్టును పట్టుబట్టి మూయదు. తెరవడానికి తగిన కారణం దొరకని పోర్టు మూసి ఉండిపోతుంది. మూయబడిన తీగకు కూడా ఒక కొన మాత్రమే నిరోధిస్తుందని, రెండవ కొన నియుక్త పోర్టుగా తెరిచి ఉండి బీపీడీయూలు పంపుతూనే ఉంటుందని గమనించాలి.

ఉదాహరణ: న్యాల్‌కల్ పరిసరాలు

సంగారెడ్డి జిల్లాలో (2016కు పూర్వం మెదక్ జిల్లా) ఇరుగు పొరుగున ఉన్న న్యాల్‌కల్, జహీరాబాద్, ఝరాసంగం, రాయికోడ్ మండల కేంద్రాలలో ఒక్కొక్క కార్యాలయంలో ఒక్కొక్క స్విచ్చి ఉన్నదని ఊహించుకుందాము. రాగి ఈథర్నెట్ తీగ 100 మీటర్లకు మించి పనికిరాదు కనుక వీటి నడుమ ఉన్నది ఆప్టికల్ ఫైబరు అనుకోవాలి. ఇది పాఠం కోసం కల్పించిన నెట్‌వర్కే గాని ఈ ఊళ్ళ మధ్య వాస్తవంగా ఉన్నది కాదు.

జహీరాబాద్ పెద్ద పట్టణం, సర్వర్లు అక్కడే ఉన్నాయనుకుందాము. అక్కడి నుంచి న్యాల్‌కల్‌కు ఒకటి, ఝరాసంగానికి ఒకటి గిగాబిట్ తీగలు (ఖర్చు 4). న్యాల్‌కల్–ఝరాసంగం, న్యాల్‌కల్–రాయికోడ్, ఝరాసంగం–రాయికోడ్ తీగలు మూడూ 100 మెగాబిట్లవి (ఖర్చు 19). మొత్తం తీగలు అయిదు, స్విచ్చులు నాలుగు. వృక్షానికి మూడు తీగలు చాలు కనుక రెండు మూతపడాలి.

నిర్వాహకుడు ఏమీ మార్చలేదనుకుందాము. ప్రాధాన్య సంఖ్య అన్నిటికీ 32768. కనుక మాక్ చిరునామాయే రూట్‌ను నిర్ణయిస్తుంది. చిరునామాల చివరి అంకెలు రాయికోడ్‌కు 10, జహీరాబాద్‌కు 20, న్యాల్‌కల్‌కు 30, ఝరాసంగానికి 40 అనుకుందాము. తయారీదారులు ఈ చిరునామాలను వరుసగా కేటాయిస్తారు గనుక, ఒకే తయారీకి చెందిన స్విచ్చులలో తక్కువ సంఖ్య గలది తరచు పాతదై ఉంటుంది. ఇక్కడ రాయికోడ్‌లోని పాత స్విచ్చి రూట్ బ్రిడ్జి అయినది.

న్యాల్‌కల్ నేరుగా 19 ఖర్చుతో రూట్‌ను చేరగలదు, ఝరాసంగం కూడా 19తోనే. జహీరాబాద్‌కు నేరుగా తీగ లేదు. న్యాల్‌కల్ మీదుగా 19కి 4 కలిపి 23, ఝరాసంగం మీదుగా కూడా 23. ఖర్చు సమానమైనది గనుక పంపిన స్విచ్చి సంఖ్య చూడాలి. 40 కంటే 30 తక్కువ, కాబట్టి న్యాల్‌కల్ వైపున్నది జహీరాబాద్ రూట్ పోర్టు. ఇక తీగలు చూద్దాము. న్యాల్‌కల్–ఝరాసంగం తీగకు రెండు వైపులా ఖర్చు 19. తక్కువ సంఖ్య గల న్యాల్‌కల్ కొన నియుక్తమైంది, ఝరాసంగం కొన మూతపడింది. జహీరాబాద్–ఝరాసంగం తీగకు ఝరాసంగం వైపు ఖర్చు 19, జహీరాబాద్ వైపు 23. కాబట్టి ఝరాసంగం కొన నియుక్తం, జహీరాబాద్ కొన నిరోధితం.

ఫలితం చూడండి. ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు గిగాబిట్ తీగ ఉన్నది, అది మూతపడినది. ఝరాసంగం కార్యాలయం వారి సమాచారం ముందు రాయికోడ్‌కు, అక్కడి నుంచి న్యాల్‌కల్‌కు, ఆ తరువాత జహీరాబాద్‌కు తిరిగి తిరిగి చేరాలి, అదీ దారిలో రెండు చోట్ల పదో వంతు వేగంతో. ఏ స్విచ్చీ తప్పు చేయలేదు, ఏ తీగా చెడలేదు, నియమాలన్నీ అక్షరాలా అమలైనాయి. "నెట్ నెమ్మదిగా ఉన్నది" అని ఫిర్యాదు వస్తే ఎవరూ మాక్ చిరునామాల వైపు చూడరు.

ఇప్పుడు నిర్వాహకుడు జహీరాబాద్ స్విచ్చి ప్రాధాన్య సంఖ్యను 4096కు తగ్గించాడనుకుందాము. జహీరాబాద్ రూట్ అవుతుంది. న్యాల్‌కల్, ఝరాసంగం రెండూ నేరుగా 4 ఖర్చుతో చేరతాయి. రాయికోడ్‌కు ఇరువైపులా 23 కాగా, తక్కువ సంఖ్య గల న్యాల్‌కల్ వైపు రూట్ పోర్టు ఏర్పడుతుంది. ఝరాసంగం–రాయికోడ్ తీగలో రాయికోడ్ కొన మూతపడుతుంది. న్యాల్‌కల్–ఝరాసంగం తీగలో మునుపటివలెనే ఝరాసంగం కొన మూతపడుతుంది. రెండు గిగాబిట్ తీగలూ పనిలోకి వచ్చాయి, మూతపడినవి నెమ్మదైన తీగలు. మార్చినది ఒక్క అంకె. రూట్ కాదగిన స్విచ్చిని నిర్వాహకుడే ఎంపిక చేయాలని, దానికి తోడుగా మరొకదానికి రెండవ ప్రాధాన్యం ఇవ్వాలని పాఠ్యగ్రంథాలు చెప్పడానికి కారణమిదే.

నాలుగవ అంశమైన పోర్టు సంఖ్య ఇంకా రంగంలోకి రాలేదు. న్యాల్‌కల్ నుంచి రాయికోడ్‌కు ఒకే వేగం గల తీగలు రెండు వేశారనుకుందాము. న్యాల్‌కల్ 5వ పోర్టు నుంచి రాయికోడ్ 2వ పోర్టుకు ఒకటి, న్యాల్‌కల్ 6వ పోర్టు నుంచి రాయికోడ్ 1వ పోర్టుకు మరొకటి. రాయికోడ్ స్విచ్చి దేనిని రూట్ పోర్టుగా ఎంచుకుంటుంది? 1 చిన్నది కనుక 1వ పోర్టు అని చాలామంది జవాబు రాస్తారు. అది తప్పు. చూడవలసినది పంపినవారి పోర్టు సంఖ్య. 6 కంటే 5 చిన్నది, కనుక రాయికోడ్ 2వ పోర్టు తెరుచుకొని 1వ పోర్టు మూతపడుతుంది.

ఈ వృక్షం గణితంలోని కనిష్ఠ వ్యయ వృక్షం కాదన్నది కూడా గుర్తుంచుకోదగినది. తీగల మొత్తం ఖర్చును తగ్గించడం దీని లక్ష్యం కాదు. రూట్ నుంచి ప్రతి స్విచ్చికి ఉన్న దారి ఖర్చును తగ్గించడమే లక్ష్యం. రూట్ కాని రెండు స్విచ్చుల నడుమ దారి దగ్గరిది అవుతుందన్న హామీ లేదు. పై అమరికలో న్యాల్‌కల్, ఝరాసంగం పక్కపక్కనే ఉండి తీగ కూడా ఉన్నా, జహీరాబాద్ మీదుగానే మాట్లాడుకోవాలి. ఇక్కడ ఆ దారి వేగమైనది గనుక నష్టం లేదు, అన్ని వేళలా అట్లా ఉండదు.

దశలు, పట్టే సమయం

మూసి ఉన్న పోర్టు ఒక్కసారిగా తెరుచుకోదు. మొదట వినికిడి దశలో 15 సెకన్లు, తరువాత చిరునామాలు నేర్చుకొనే దశలో మరో 15 సెకన్లు గడిపి, ఆ పిమ్మట సమాచారాన్ని పంపడం మొదలుపెడుతుంది. తొందరపడి తెరిస్తే, దూరంగా ఉన్న స్విచ్చులకు మార్పు సంగతి చేరకముందే తాత్కాలికంగా వలయం ఏర్పడవచ్చు.

మన ఉదాహరణలో, జహీరాబాద్ రూట్‌గా ఉండగా, న్యాల్‌కల్–రాయికోడ్ తీగ తెగిందనుకుందాము. తన పోర్టే చచ్చిపోయింది గనుక రాయికోడ్‌కు వెంటనే తెలుస్తుంది. ఝరాసంగం వైపు పోర్టు 30 సెకన్లలో తెరుచుకుంటుంది. అదే జహీరాబాద్–న్యాల్‌కల్ తీగ తెగితే కథ వేరు. ఝరాసంగం, న్యాల్‌కల్‌ల నడుమ తీగ బాగానే ఉన్నది. న్యాల్‌కల్ దారి పోగొట్టుకొని "నేనే రూట్‌ను" అని ప్రకటిస్తున్నా, తాను గుర్తుంచుకున్న మేలైన సందేశం కాలం చెల్లేవరకు ఝరాసంగం దానిని పట్టించుకోదు. ఆ గడువు 20 సెకన్లు. దానికి 30 కలిపి దాదాపు 50 సెకన్లు న్యాల్‌కల్ చీకటిలో ఉంటుంది. 1980లలో దీనిని ఎవరూ ఆలస్యమనుకోలేదు. ఫోను సంభాషణలు కూడా నెట్‌వర్కు మీదనే నడిచే కాలంలో ఇది భరించరానిది. దారి మారినప్పుడు పాత చిరునామాలు త్వరగా చెరిగిపోవాలని, పట్టికలోని 300 సెకన్ల గడువును కొంతసేపు 15 సెకన్లకు కుదిస్తారు.

మౌనమే అనుమతి

ఈ పద్ధతిలో ఒక మౌలికమైన బలహీనత ఉన్నది. నిరోధిత పోర్టును మూసి ఉంచుతున్నది అవతలి నుంచి రెండు సెకన్లకొకసారి వచ్చే సందేశమే. సందేశాలు ఆగిపోతే, "అవతల ఎవరూ లేరు, ఇక తెరవవచ్చు" అని స్విచ్చి భావిస్తుంది. అవతల నిజంగా ఎవరూ లేకపోతే అది సరైన నిర్ణయమే. కాని అవతలి స్విచ్చి పనిభారంతో సందేశం పంపలేకపోయినా, జంట ఫైబరులో ఒక పోగు తెగి ఒక దిశలో మాత్రమే సమాచారం నడుస్తున్నా ఇవతలి స్విచ్చికి కనిపించేది మౌనమే. అది తెరుచుకుంటుంది, వలయం ఏర్పడుతుంది. వలయంతో స్విచ్చుల మీద భారం ఇంకా పెరిగి మరికొన్ని సందేశాలు ఆగిపోతాయి, మరికొన్ని పోర్టులు తెరుచుకుంటాయి. ప్రమాదాన్ని ఆపవలసిన యంత్రాంగమే దానికి ఆజ్యం పోస్తుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో జరిగింది. అక్కడి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో ఒక పరిశోధకుని ప్రయోగానికి సంబంధించిన భారీ సమాచారం నవంబరు 13న నెట్‌వర్కును ముంచెత్తింది. అనేక సంవత్సరాలుగా ఒకదానికొకటి అతికిస్తూ పోవడంతో ఆ నెట్‌వర్కు స్పానింగ్ ట్రీకి తగిన పరిమితులను అప్పటికే దాటి ఉన్నది. పైన చెప్పిన కాలవ్యవధులు, ఒక కొన నుంచి మరొక కొనకు ఏడు స్విచ్చులకు మించని నెట్‌వర్కును దృష్టిలో పెట్టుకొని లెక్కించినవి. అక్కడ కొన్ని దారులు అంతకంటే పొడవు. దాదాపు నాలుగు రోజులపాటు నెట్‌వర్కు కుదుటపడలేదు. వైద్యులు, నర్సులు మందుల చీటీలు, పరీక్షల ఫలితాలు కాగితాల మీద రాసుకొని, మనుషుల చేత పంపించుకొని ఆసుపత్రిని నడిపారు. కంప్యూటరు లేని రోజులలో పనిచేసిన అనుభవం లేని యువ వైద్యులకు ఆ పద్ధతిని పెద్దలు నేర్పవలసి వచ్చింది. ఆసుపత్రి సమాచార విభాగాధిపతి జాన్ హలాంకా ఈ ఉదంతాన్ని దాచక, ఇతరులకు పాఠంగా ఉండేందుకు బహిరంగంగా వివరించారు. ఇటువంటి సంఘటనలను సంస్థలు సాధారణంగా బయటకు చెప్పుకోవు గనుక ఈ విషయంలో ఆయనను మెచ్చుకోవాలి.

మరొక బలహీనత నమ్మకానికి సంబంధించినది. బీపీడీయూలో సంతకం వంటిది ఏదీ లేదు, ఎవరు పంపినా స్విచ్చులు నమ్ముతాయి. గోదాములో పడి ఉన్న పాత స్విచ్చిని ఎవరైనా తెచ్చి తగిలిస్తే, దాని సంఖ్య తక్కువైతే, అదే రూట్ అయి నెట్‌వర్కు దారులన్నీ మారిపోవచ్చు. దురుద్దేశంతో చేసేవారికి కూడా ఇది సులువు. అందుకే కంప్యూటర్లు మాత్రమే తగిలించవలసిన పోర్టులలో బీపీడీయూ వస్తే ఆ పోర్టును పూర్తిగా ఆపివేసే బీపీడీయూ గార్డు, బయటి స్విచ్చి రూట్ కాకుండా అడ్డుకొనే రూట్ గార్డు, మౌనాన్ని అనుమతిగా తీసుకోకుండా చూసే లూప్ గార్డు వంటి ఏర్పాట్లను తయారీదారులు చేర్చారు.

తరువాతి రూపాలు

2001లో ఐఈఈఈ 802.1డబ్ల్యూ పేరుతో వేగవంతమైన రూపం, అనగా ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ వచ్చింది. ఇందులో ఏ పోర్టు మూతపడాలన్న నిర్ణయ క్రమం మారలేదు. పైన చెప్పిన నాలుగు పోలికలే వర్తిస్తాయి. మారినది తెరుచుకొనే తీరు. గడియారం చూసుకుంటూ కూర్చోవడానికి బదులు, పక్కపక్క స్విచ్చులు ప్రతిపాదన, అంగీకారం అనే సందేశాలతో అక్కడికక్కడే తేల్చుకుంటాయి. రూట్‌కు మరో దారి చూపే నిరోధిత పోర్టుకు ప్రత్యామ్నాయ పోర్టు అని పేరు పెట్టి, రూట్ పోర్టు పోగానే దానిని తక్షణం వాడుకుంటాయి. వరుసగా మూడు సందేశాలు, అనగా ఆరు సెకన్లు అందకపోతే పొరుగువాడు లేడని గ్రహిస్తాయి. 2004 నాటి 802.1డి ప్రమాణంలో పాత పద్ధతిని తొలగించి దీనినే ఉంచారు.

తీగలు ఊరికే పడి ఉండటం చాలామందికి నచ్చలేదు. సిస్కో సంస్థ ఒక్కొక్క వీల్యాన్‌కు ఒక్కొక్క వృక్షాన్ని కట్టే పద్ధతిని తెచ్చింది. అప్పుడు ఒక వీల్యాన్‌కు మూతపడిన తీగ మరొక వీల్యాన్‌కు తెరిచి ఉండవచ్చు. 2002లో వచ్చిన 802.1ఎస్ ప్రమాణం వీల్యాన్‌లను గుంపులు చేసి, గుంపుకొక వృక్షం చాలునన్నది. పెర్ల్‌మన్ స్వయంగా, తన పాత పద్ధతికి బదులుగా ట్రిల్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. 2011లో దాని ప్రమాణ పత్రం వెలువడింది. అందులో ఫ్రేముకు, ఇన్ని స్విచ్చులు దాటాక అంతరించాలన్న అంకెను కూడా జోడించారు. పెద్ద డేటా కేంద్రాలు నేడు చాలావరకు స్విచ్చుల నడుమ కూడా ఇంటర్నెట్ ప్రోటోకాలు దారులనే వాడుతున్నాయి.

పంచాయతీలకు ఫైబరు వేసే భారత్‌నెట్ పథకంలో (2011లో వేరే పేరుతో ఆమోదం పొంది, తరువాత ఈ పేరు పొందినది) తొలి దశలో మండల కేంద్రం నుంచి గ్రామాలకు తీగలు కొమ్మలలాగానే వేశారు. వలయమే లేనిచోట పోర్టు మూయవలసిన పని లేదు. దారిలో ఎక్కడ తెగితే అవతలి గ్రామాలకు అక్కడితో సరి. 2023లో ఆమోదించిన సవరించిన పథకంలో మండలాల నుంచి పంచాయతీలకు వలయాకారపు అమరికను ఎంచుకున్నారు. అక్కడ దారిని ఎంచుకొనేది మాత్రం స్పానింగ్ ట్రీ కాదు, ఐపీ-ఎంపీఎల్ఎస్ అనే మరో పద్ధతి. కళాశాలలు, ఆసుపత్రులు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాల లోపలి నెట్‌వర్కులలో స్పానింగ్ ట్రీ, ముఖ్యంగా దాని ర్యాపిడ్ రూపం, ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్నది. ఇతర పద్ధతులను వాడేవారు సైతం, ఎవరైనా పొరపాటున తీగ తగిలిస్తే అడ్డుకుంటుందని దీనిని ఆపకుండా ఉంచుతారు.